పాత టేప్ రికార్డరు – క్రైస్తవుని గృహనిర్వాహకత్వము

ధ్యానభాగములు: యోహాను 6:1-13, లూకా 12:13-21



పాత టేప్ రికార్డర్లను, వాక్‌మన్లను వెదకి కొని, బాగుచేసి దాచుకొనువారు ఈ దినములలో కొందరున్నారు. ఇది విశ్వాసికి తగిన పనియేనా, లేక ఐహిక వస్తువులమీది మోహమా? ప్రశ్న చిన్నదైనను అది మన హృదయములను పరీక్షించును.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీవారు 1963లో లోకమునకు చూపిరి. చేతపట్టుకొని తిరుగుచు వినదగిన వాక్‌మన్‌ను సోనీవారు 1979లో తెచ్చిరి. అటుతరువాత రామగుండము, గోదావరిఖనిలోని సింగరేణి క్వార్టర్లలోను, చుట్టుపట్ల పల్లెలలోను టేప్ రికార్డరు చేరెను. కీర్తనలును ప్రసంగములును దానివలన మన ఇండ్లలో వినబడెను. గల్ఫ్ దేశములకు పోయిన కుమారులు చదువురాని తల్లులకు తమ మాటలనే క్యాసెట్టులో నింపి పంపిరి. గనిలో కష్టపడి, ప్రభువునందు నిద్రించిన తండ్రి స్వరము ఒక్క క్యాసెట్టులోనే మిగిలిన ఇండ్లును కలవు. క్యాసెట్టు ఉన్నది, దానిని పలికించు యంత్రము లేదు.

యంత్రము మూగబోవుటకు కారణము తరచుగా స్వల్పమైనదే. లోపలి రబ్బరు బెల్టు ఏండ్లు గడచిన కొలది సాగిపోవును, లేదా కరగి తారువలె అంటుకొనును. టేపు సెకనుకు సుమారు 4.8 సెంటీమీటర్లు నడువవలెను. బెల్టు జారినయెడల మాట సాగి, కంఠము మారిపోవును. హెడ్డుమీద మురికి పేరుకొనినచో ధ్వని అణగిపోవును. కొత్త బెల్టు వేసి, స్పిరిటులో తడిపిన దూదితో హెడ్డును తుడిచినచో అనేక యంత్రములు మరల పలుకును. వీనినే మనము చెత్తకుప్పలో వేయుచున్నాము.

మన ప్రభువు అయిదు రొట్టెలతో అయిదువేలమంది పురుషులను తృప్తిపరచెను. అంత సమృద్ధిని కలుగజేయగలవాడు మిగిలిన ముక్కలను పారవేయనీయలేదు. శిష్యులచేత పండ్రెండు గంపలు నింపించెను. క్రొత్తది తేగల శక్తి యున్నదని ఉన్నదానిని పాడుచేయుట ఆయన మార్గము కాదు. కావున బాగుచేయు చేతులు ధన్యములైనవి.

అయితే లూకా సువార్తలోని ధనవంతుడును పోగుచేసెను గదా! భేదమెక్కడ? శిష్యులు ప్రభువు మాటకు లోబడి పోగుచేసిరి; అతడు తన కొరకే పోగుచేసెను. అతని ఆలోచనలో పొరుగువానికి చోటు లేదు. చేతిపనియందలి ఆనందము పాపము కాదు. అనుభవించుటకే దేవుడు సమస్తమును దయచేయుచున్నాడు (1 తిమోతి 6:17). కాని అద్దాల బీరువాలో ఇరువది యంత్రములు మెరయుచుండగా, ప్రక్కయింటి విధవరాలి క్యాసెట్టు మూగగా పడియున్నయెడల, ఆ ఇరువదియు మనమీద సాక్ష్యము పలుకును. వస్తువు మన చేతిలో నున్నదా, మనము దాని చేతిలో నున్నామా అని తెలిసికొనుటకు ఇదియే పరీక్ష: అడిగినవానికి దానిని ఇయ్యగలమా?

సహోదరులారా, ఈ పని తెలిసినవారు ఒక దినము పొరుగువారి కొరకు ప్రత్యేకించుడి. టేపు శాశ్వతము కాదు గనుక ఆ స్వరమును ఫోనులోనికి ఎక్కించి యియ్యుడి. దుఃఖించు కుటుంబమునకు అది గొప్ప ఆదరణ.

అయినను మన నిరీక్షణ టేపుమీద లేదు. నేడు మనము నిద్రించినవారి స్వరమును వినగోరుచున్నాము. నిద్రించినవారే మన ప్రభువు పిలుపును ఆలకించి లేచు దినము వచ్చుచున్నది (యోహాను 5:28, 29). అంతవరకు మనకప్పగింపబడిన వాటియందు నమ్మకస్థులముగా కనబడుదుము గాక. ఆమేన్.