బొమ్మ నిలువని పెట్టె



1987 జనవరి 25వ తేదీన దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ గారి 'రామాయణ్' ధారావాహిక ఆరంభమై, 1988 జూలై 31 వరకు ఆదివారపు ఉదయములందు ప్రసారమైనది. టెలివిజన్ పెట్టెకు పూలదండ వేసి, హారతి ఇచ్చి కూర్చున్న కుటుంబములెన్నియో! తీరా శ్రీరాముడు కనుపించు వేళకు బొమ్మ పైకి దొరలసాగినచో, ఇంటి పెద్ద చేయు మొదటి పని పెట్టెపై చరచుట. రెండవది ప్రసారకేంద్రమును నిందించుట.

తెలిసినవాడు అట్లు చేయడు. ముందుగా పొరుగింట విచారించును. అచ్చట బొమ్మ తేటగా ఉన్నచో లోపము ప్రసారమునది కాదు. తెరపై ఇసుక చల్లినట్లు చుక్కలున్నచో యాంటెన్నా తీగ అతుకును పరీక్షించును. బేస్తవారిపేట వలె నల్లమల చేరువనున్న ఊళ్లలో నేరుగా వచ్చు తరంగమొకటి, కొండను తాకి ఆలస్యముగా వచ్చునది మరొకటి కలిసి, బొమ్మ ప్రక్కన నీడబొమ్మ ఏర్పడవచ్చును. అప్పుడు యాంటెన్నాను త్రిప్పి, సరియైన దిక్కునకే నిలుపవలెను. బొమ్మ దొరలుచున్నచో వర్టికల్ హోల్డు నాబును మెల్లగా త్రిప్పవలెను. ప్రసారముతో సెకనుకు 50 మారులు ఒక సంకేతము వచ్చుచుండును. పెట్టె నడక దానితో కలిసినంతనే బొమ్మ నిలుచును.

గమనింపుడు: పెట్టె తన నడకను మానలేదు, కలిపినది. శరణాగతియు నిట్టిదే. గృహస్థు తన పనులు విడువనక్కరలేదు. 'నాది' అను పంతమును విడిచి స్వామి సంకల్పముతో అడుగు కలిపిన చాలును.

ఈ నల్లమలలోని అహోబిల క్షేత్రమును తలచుడు. ఒకే ఇంట తండ్రి, కొడుకు. ప్రహ్లాదునకు స్తంభమునందును హరి కలడు; హిరణ్యకశిపునకు ఎచ్చటను లేడు. తండ్రి స్తంభమును మోదెను. కొడుకు చేతులు జోడించెను.

అయినను ఒక్క మాట. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి 'స్వామి నా ఇంటిని మరచెను' అని గుడికి వచ్చుట మానినచో, ఆమె భక్తి కొరతపడినదని ఎవ్వరును వేలు చూపరాదు. గాలివానకు యాంటెన్నా కూలుట ఇంటివారి దోషమా? ఆనాడు పెట్టె లేనివారిని ఉన్నవారు పిలిచి, చాప పరచి కూర్చుండబెట్టలేదా? అట్లే ఆ తల్లిని మన ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. మార్కాపురం చెన్నకేశవస్వామి సన్నిధికి వెళ్లునపుడు వెంట తోడ్కొని పోదము. ఆమెకు కనుపించునంతవరకు మన కన్నులతో చూడనిత్తము.

దూరదర్శన్ ప్రసారమునకు అంతరాయము కలుగవచ్చును. స్వామి కరుణకు అంతరాయము లేదు.