ముత్తవ్వల వెండికి వెల కట్టేదెవరు?

ఒక నగ విలువ ఎక్కడుంది? లోహంలోనా, చేసిన చేతిలోనా, పెట్టుకున్న మనిషిలోనా? తండాల్లోని పాత వెండి ఒక్కొక్కటిగా పట్నం దుకాణాలకు చేరుతోంది. లంబాడీ పిల్లలమైన మనం ఈ ప్రశ్న వేసుకోక తప్పదు.

బ్రిటిష్ కాలపు వెండి పనిలో మూడు రకాలను చూద్దాం. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ కంపెనీ దేవుళ్ల బొమ్మలున్న వెండి సామాను చేయించింది. దొరలు దాన్ని ‘స్వామి’ పని అన్నారు. బొమ్మలు చెక్కింది ఇక్కడి పనివాళ్లు, ముద్ర కంపెనీది. కచ్ సంస్థానంలోని భుజ్‌లో ఓమర్సీ మావ్‌జీ అనే వెండి పనివాడు తన పేరులోని తొలి అక్షరాలనే ముద్రగా వేశాడు. ఆ ముద్ర ఉన్న వస్తువుకు నేటి వేలంపాటల్లో ఎక్కువ ధర పలుకుతుంది. మూడోది మన ఊళ్లలో జరిగిన పని. తండా పక్క ఊరి అవుసలాయన మన ముత్తవ్వలకు హాస్లి, ఘుగ్రి, టోప్లి చేసిచ్చాడు. వాటి మీద ఎవరి పేరూ లేదు.

అవుసలాయన మన జాతివాడు కాడు. ఎలా ఉండాలో చెప్పింది మన ఆడవాళ్లు, కొలిమి దగ్గర కూర్చుని చేసింది ఆయన. కాబట్టి ‘ఇది మాది’ అని మనం చెప్పుకునేటప్పుడు ఆయన చేతిని మరచిపోతే, కంపెనీ తన పనివాళ్లకు చేసిందే మనమూ చేసినట్టు.

వెండి చాలావరకు రూపాయిల నుంచే వచ్చేది. 1835 నుంచి నడిచిన రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండే. దాన్ని కరిగించి నగ చేయించేవారు, లేదా కొక్కెం అతికించి పేరుగా గుచ్చుకునేవారు. 1940లో సర్కారు రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది, 1947లో పూర్తిగా తీసేసింది.

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన జాతికి భూమి లేదు, బ్యాంకు లేదు. ఒంటి మీద మోయగలిగిందే ఆస్తి. రైళ్లు వచ్చి ఆ బతుకును దెబ్బతీశాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులన్నది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో లంబాడీలూ ఆ జాబితాకెక్కారు. మన నగల మీద లేని ముద్ర మన మనుషుల మీద పడింది. 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు.

‘పెద్దలు పూర్వుల సొమ్ము అమ్ముకున్నారు’ అని యువకులు బాధపడటం వింటుంటాం. ఈ మాట అనేముందు ఆలోచించాలి. 1876–78 కరువులో దక్కన్ పేదల వెండి నగలు పెద్ద ఎత్తున బొంబాయి టంకశాలకు చేరి కరిగిపోయాయి. అవి గింజలై పిల్లల కడుపులోకి వెళ్లాయి. కష్టకాలంలో అమ్ముకోవడానికి కూడా చేయించిన నగ అది. నేడు బిడ్డ కాలేజీ ఫీజు కోసమో, ఆసుపత్రి ఖర్చు కోసమో హాస్లి అమ్మిన తల్లి నగను దాని పనికే వాడింది. ఆమెది తప్పు కాదు.

తప్పు బేరంలో ఉంది. కొనేటప్పుడు మజూరి కలుపుతారు, అమ్మేటప్పుడు తరుగు తీస్తారు, మిగిలినదానికి తూకం ప్రకారం డబ్బిస్తారు. అదే నగ రేపు ‘పాతకాలపు గిరిజన వెండి’ పేరుతో, పనితనాన్ని బట్టి, ఎన్నో రెట్లకు అమ్ముడుపోవచ్చు. ఒక నగకు రెండు ధరలున్నాయి. అమ్మిన తల్లికి ఒకటే చెప్పారు. తెలిసినవాడు తెలియనివాళ్ల దగ్గర మౌనంగా కొనడం మోసం కిందికి రాదా? చట్టం ఏమన్నా, మనసాక్షికి ఆ ప్రశ్న ఉంటుంది.

సేకరించేవాళ్లు కొనకపోతే అవి ఎప్పుడో కొలిమిలో కరిగిపోయేవి కదా అంటారు. నిజమే. అద్దాల పెట్టెలో ఉన్నది కనీసం కంటికి కనిపిస్తుంది. కానీ ‘లంబాడీ స్త్రీ ఆభరణం’ అని రాసి వదిలేస్తే, వస్తువు మిగిలి మనిషి కరిగిపోయినట్టే.

మనం మరో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ వెండి అంతా సంబరం కాదు. పెళ్లికి గుర్తుగా పెట్టిన ఘుగ్రిని భర్త పోయాక తీయించేవారు. ఆ బరువు వద్దనుకుని బడికి వెళ్లిన ఆడపిల్ల సంస్కృతిని వదిలేసిందని నిందించే హక్కు మనకు లేదు. నగను గౌరవించడమంటే దాన్ని మళ్లీ ఆమె మెడలో వేయడం కాదు.

మరి ఏం చేయాలి? ఉపాధ్యాయులు పిల్లలకు ఒక పని చెప్పవచ్చు. ఇంట్లో ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ఒక నగ గురించి రాయమనండి. గోర్ బోలిలో దాని పేరేమిటి, ఎవరు చేశారు, ఎవరు పెట్టుకున్నారు, ఎప్పుడు తాకట్టుకు వెళ్లింది, దేనికోసం అమ్మారు? బొమ్మ గీయమనండి. యువకులు అమ్మే ముందు ఫోటో తీసి, తూకం రాసుకుని, ఇద్దరు ముగ్గురిని ధర అడగాలి. అవసరమైతే అమ్ముదాం. అయితే అది ఎవరిదో తెలిసి అమ్ముదాం, కొనేవాడికీ ఆ పేరు చెబుదాం. అతడు రాసుకుంటాడో లేదో అతడి ఇష్టం. మన నోటుబుక్కులో మాత్రం ఆ పేరు ఉండాలి.