ఎవరు ప్రక్కకు తొలగవలెను?

మా యూరినుండి పట్టణమునకు పాలు తీసికొనిపోవు నొక వృద్ధుడు కొంతకాలము క్రిందట పెద్దబాటపై లారీ తగిలి మరణించెను. సైకిలున కిరుప్రక్కల పాలక్యానులు వ్రేలాడుచుండగా ముప్పదియేండ్లు ఆ త్రోవనే పోయినవాడు. వార్త విని గుమిగూడిన మేమందఱమును ఒక్కమాటనే పలికితిమి: “పాపము! కొంచెము ప్రక్కగా పోయియుండవలసినది.” అనునప్పుడు మాకా మాటలో తప్పేమియు తోపలేదు. ఇంటికి వచ్చి యాలోచింపగా, ఆ బాటకు ప్రక్క యనునదే లేదని జ్ఞప్తికి వచ్చెను. తారు ముగిసినచోట గుంట. గుంట ముగిసినచోట తుమ్మపొద. చచ్చినవానిపై నేరము మోపి, చంపిన వేగమును గాలివానవలె, పిడుగుపాటువలె, ఎవ్వరును ప్రశ్నింపరానిదానిగా విడిచిపెట్టితిమి. బలహీనుడు ఎంతవఱకు ప్రక్కకు తొలగవలెను? తొలగుటకు చోటు లేనప్పుడు దోష మెవరిది? ఆనాటినుండి ఈ ప్రశ్న మమ్ము వదలలేదు.

ఇట్టి ప్రశ్నకు ఒక దేశమువారు నేలమీదనే సమాధానము వ్రాయ యత్నించిరి. బెల్జియమునందు లింబర్గు అను మండలము కలదు. 1901లో అచట భూగర్భమున బొగ్గు కనుగొనబడెను. క్రమముగా ఏడు గనులు వెలసెను. 1992లో జోల్డరు గని మూతపడుటతో ఆ వృత్తి యంతరించెను. అచటి గెంకు పట్టణమున నుండిన గొప్ప మోటారుకార్ల కర్మాగారము సైతము 2014లో మూతపడెను. ఇట్లు బొగ్గు పోయి, కార్ల పనియు పోయిన సీమలో, గనుల యింజనీరైన హ్యూగో బొల్లెన్ అనునాతడు 1995లో ఒక సులభోపాయమును ప్రవేశపెట్టెను. మోటారుల రాకపోకలు లేని, లేక మిక్కిలి స్వల్పముగా నున్న త్రోవలను ఏరి, అవి కలిసికొను ప్రతి కూడలికిని ఒక యంకె నిచ్చుటయే ఆ యుపాయము. ప్రతి కూడలియందును చుట్టుప్రక్కల కూడళ్ల యంకెలు బాణపుగుర్తులతో చూపబడును. బాటసారి తాను పోదలచిన యంకెలను చీటిపై వరుసగా వ్రాసికొని బయలుదేరిన చాలును. ఆ దేశభాష తెలియనివాడును త్రోవ తప్పడు. ఈ పద్ధతి తరువాత ఫ్లాండర్సు ప్రాంతమందంతటను, నెదర్లాండ్సునందును వ్యాపించెను.

ఈ త్రోవలలో మూడింటిని ప్రత్యేకముగ చెప్పవలెను. గెంకునకు సమీపమున బొక్రైక్ చెంత చెఱువుల సీమ యొకటి కలదు. అందు వేయికి మించిన చెఱువులు గలవు. వానిలో అనేకము పూర్వులు చేపలకొఱకు త్రవ్వినవి. 2016లో అం దొక చెఱువు నడుమనుండి 212 మీటర్ల బాట వేసిరి. వంతెనవలె నీటిపైకి లేవక, ఆ బాట నీటిమట్టముకంటె దిగువకు దిగును. సైకిలుపై కూర్చున్నవాని కన్నుల యెత్తున ఇరువైపుల నీరు నిలిచియుండును. హెక్టెల్-ఎక్సెల్ వద్ద పైనువనమున 2019లో తెఱచిన బాట వలయముగా తిరుగుచు, త్రొక్కువానికి ఆయాసము తెలియనంత మెల్లగా భూమినుండి 10 మీటర్ల యెత్తునకు కొనిపోవును. మాస్‌మెకెలెన్ వద్ద బీడునేలపై 2021లో మూడవది వెలసెను. దానిని గూర్చి ముందు చెప్పెదము.

ఇట్టి బాటపై మానవుడు పొందునది కేవలము నేత్రానందము కాదు. మన పెద్దబాటపై పిల్లవానితో సైకిలు నడుపు తండ్రి ఎప్పుడును వాని వెనుకనే యుండి “ప్రక్కకు, ప్రక్కకు” అని కేకలు వేయుచుండును. ఆ బాలుడు మొదట నేర్చుకొను పాఠము భయము. రెండవది, తనకంటె పెద్దదైన దేది వచ్చినను తాను గుంటలోనికి దిగవలెననుట. మోటారు లేని బాటపై ఆ కేక యవసరము లేదు. పిల్లవాడు ముందు పోవును. కొంగ కనబడిన నిలుచును. తండ్రి వెనుక వేచియుండును. అచట ప్రయాణవేగమును నిర్ణయించువాడు అందఱిలో చిన్నవాడు.

అయితే విమర్శకు డొకడు ఇట్లడుగవచ్చును: “మీరు పొగడు నీ ప్రత్యేకమార్గములు బలహీనుని ప్రక్కకు నెట్టుటయొక్క మఱియొక రూపము కాదా? రాజమార్గమును బలవంతునకు అప్పగించి, సైకిలువానికి అడవిలో నొక తోటబాటను భిక్షగా పడవేయుట కాదా?” ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆదివారమున సైకిలును కారుపై కట్టుకొనిపోయి, అడవిలో రెండు గంటలు త్రొక్కి మరలివచ్చువానికి ఆ బాట విలాసము. అది పాలవాని గుమ్మమువఱకు రానంతకాలము అతనికి దానివలన ప్రయోజనము సున్న.

దీనికి సమాధానము లింబర్గునకు ఉత్తరముననున్న నెదర్లాండ్సు చరిత్రయందు దొరకును. 1971లో ఆ చిన్నదేశపు బాటలపై సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 మందికి పైగా బాలబాలికలు. మఱుసటి సంవత్సరము తల్లిదండ్రులు “శిశుహత్యను ఆపుడు” అను పేరుతో ఉద్యమమునకు పూనుకొనిరి. వారు తమ బిడ్డలకు దూరపుటడవిలో బాట నడుగలేదు. తమ వీధినే అడిగిరి. 1976 నాటికి, నివాసవీధులని గుర్తింపబడినచోట మోటారుబండి మనుష్యుని నడకవేగమును మించరాదను నియమము శాసనమయ్యెను. వేగము రెండింతలైనచో తాకిడిశక్తి నాలుగింతలగునని పదార్థవిజ్ఞానము చెప్పుచున్నది. కావున వేగము తప్పనిసరియైనచోట సైకిలునకు వేఱుబాట నియ్యవలెను. అందఱును కలిసి నడువవలసినచోట బలవంతుడే వేగము తగ్గించుకొనవలెను. ఈ రెండును కలిసినప్పుడే అడవిబాట భిక్ష కాక, ఇంటిగుమ్మమున మొదలగు త్రోవకు కొసయగును.

ఇంతవఱకు మేము సైకిలువాని పక్షమున మాటలాడితిమి. ఇక అతనికి రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. అదే 1971లో ఇరానునందలి రామ్‌సారు పట్టణమున కొన్ని దేశములు కూడి, చిత్తడినేలలను కాపాడుటకై యొక ఒడంబడిక చేసికొనెను. చెఱువు, మడుగు, రెల్లునేల అనునవి పనికిరాని భూములు కావనియు, పక్షులకును జలచరములకును, తుదకు మనుష్యులకును ఆధారములనియు గ్రహించి చేసిన యేర్పాటది. అట్టి తావునకు బాట వేసిన మొదటి దినమున పోవువాడు సైకిలువాడే. అతడు పొగ విడువడు, బూర ఊదడు, నిజమే. అయినను రెల్లులో గ్రుడ్లు పొదుగు పక్షికి అతడును పెద్దప్రాణియే. అది బెదరి లేచినంతసేపు గ్రుడ్లు ఎండకును కాకికిని ఎఱయగును. శీతకాలమున వేలమైళ్లు పయనించి వచ్చిన పక్షిని మాటిమాటికి లేపినయెడల, తిరుగు ప్రయాణమునకు అది కూడబెట్టుకొను బలము వ్యర్థమగును. “నే నొక్కడనే గదా, ఒక్కసారియే గదా” అని ప్రతివాడును అనుకొనును. లారీ నడుపువాడును ఇట్లే అనుకొనును.

మోటారుబండిని “ప్రక్కకు తొలగుము” అని యడుగు హక్కు సైకిలువానికి ఏ ధర్మమువలన వచ్చినదో, ఆ ధర్మమే అతనిని పక్షియెదుట నిలుపుచున్నది. తాను బలహీనుడైనచోట ధర్మమును చెప్పి, తాను బలవంతుడైనచోట దానిని మఱచువాడు అడిగినది న్యాయము కాదు, తన వంతు మాత్రమే. మాస్‌మెకెలెన్ బాటను ముందు చెప్పెదమంటిమి గదా. అచట బీడునేలను రెండుగా చీల్చుచు మోటారుబాట యొకటి యుండెను. దానిని తొలగించి, ఆ నేలను మరల ప్రకృతికి విడిచి, సైకిలువానికి సుమారు 300 మీటర్ల కొయ్యవంతెనను కట్టిరి. సైకిలు పైగా పోవును. బల్లులు, పాములు మొదలైన ప్రాణులు క్రిందుగా తమ దారిని తాము పోవును. మోటారు సైకిలునకు తొలగెను. సైకిలు నేలపై ప్రాకువానికి తొలగెను. మూడు బాటలలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

మన తెలుగునేలకు ఈ విచారము పరాయిది కాదు. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు 1999లో వన్యప్రాణుల యభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సారు పట్టికలో చేరెను. ఆలోపలనే చేపలచెఱువుల గట్లు సరస్సును ముక్కలు చేసియుండెను. 2006లో ప్రభుత్వము వానిలో అనేకమును కొట్టించెను. గట్టు వేసిన ప్రతివాడును “కొంచెమే” యని వేసెను. సరస్సు కొంచెము కొంచెముగా తొలగుచు పోయెను. హైదరాబాదు వలయమార్గము ప్రక్కన 2023లో ఎండపలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాటను తెఱచిరి. మెచ్చదగిన పనియే. ఇట్టి బాటలు మన చెఱువుల చెంతకును, అడవుల చెంతకును రావలెనని మేమును కోరుచున్నాము. కాని ఆటపాక వద్ద గూడబాతులు గూళ్లు కట్టు చెట్లనడుమనుండి బాట కావలెనని ఎవరైన అడిగినయెడల, వలదని చెప్పువారిలో మేము ముందుందుము. అంచున బాట చాలును. దూరమునుండి చూచుటయు చూచుటయే. అంతకంటె ముందు, పల్లెనుండి బడికి సైకిలుపై పోవు బాలికకు తారుబాట ప్రక్కన మూడడుగుల చదునునేల కావలెను. మొదటి రూకలు అచట ఖర్చు కావలెను.

చదువరులారా, మా యూరి వృద్ధుడు పోయిన చోటునకు మేము మొన్న నడచిపోయితిమి. గుంట అట్లే యున్నది, తుమ్మపొద పెరిగినది. అతని కుమారుడు అదే సైకిలుపై అవే క్యానులతో ఎదురు వచ్చుచు, వెనుక బూర వినబడగానే గుంటలోనికి దిగి నిలిచెను. లారీ పోయినది. అతడు మమ్ము చూచి నవ్వి, “తప్పదు గదండీ” అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆనాడు ఆ తండ్రిని గూర్చి మేమన్న మాట మాత్రము మఱల నోట రానీయమని నిశ్చయించుకొని యింటికి వచ్చితిమి.