గుంటగలగరాకు ఖరీదు

కొన్నదానికి డబ్బిచ్చేస్తే బాకీ తీరిపోతుంది. మరి ఊరికే వచ్చినదాని బాకీ ఎలా తీరుతుంది? ఈ ప్రశ్న నాకు వేదాంతం చదివితే రాలేదు. తలనూనె కాచుకుంటుంటే వచ్చింది.

గుంటగలగరాకు మీకు తెలియంది కాదు. కాలవగట్ల మీదా, చెరువొడ్డునా, వరిచేలోనూ ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. చిన్న చిన్న తెల్లపూలు. చూపుకి ఆనదు గానీ చామంతికీ, పొద్దుతిరుగుడుకీ చుట్టమే. వాటిలాగే ఇదీ, మనం ఒక్క పువ్వనుకునేది నిజానికి బోలెడు బుల్లిపూల గుత్తి. ఆకు నలిపితే కాసేపటికి వేళ్ళు నల్లబడతాయి. ఆ నలుపు చూసే కాబోలు, పెద్దలు దాన్ని జుట్టుకి రాజుని చేసి కేశరాజమన్నారు. మా అమ్మ ఆ రసంలో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించి కాటుక పట్టేది.

పదిహేనేళ్ళుగా నాకీ ఆకు తెచ్చి ఇస్తున్నది ఆకుకూరలమ్మే మామ్మ. ఊడ్పులయ్యాక ఆవిడ కలుపుతీతకి కూడా వెళుతుంది. రైతుకి ఇది కలుపు. పీకి గట్టుమీద పారేసినందుకు కూలి ఇస్తాడు. ఆ పారేసినదాంట్లోంచే మంచివి ఏరి, కడిగి, తోటకూర కట్టల కింద పెట్టి నాకు తెస్తుంది. డబ్బులిస్తానన్నాను ఒకసారి. "దారినపోయే మొక్కకి డబ్బులేంటమ్మా!" అంది. నేనూ సరేనని వూరుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నోటితోనే తోటకూర కట్టకి రెండు రూపాయలు తగ్గించమని బేరమాడేదాన్ని!

పోయినేడు మా కోడలు తలనూనె సీసా ఒకటి కొనుక్కొచ్చింది. మీద ఈ ఆకు బొమ్మే. ఖరీదు చూసి నా గుండె గుభేలుమంది. "బేరమాడలేదుటే?" అన్నాను.

"రేటు అచ్చేసి వుంటుంది కదా అత్తయ్యా" అని నవ్వింది.

నిజమే. అచ్చేసి వుంటే నోరెత్తం. అచ్చెయ్యనిదానికి వెలే లేదనుకుంటాం.

రోషమొచ్చి నేనే కుండీలో పెంచుదామనుకున్నాను. గింజలు మెంతుల్లాగా మట్టిలో కప్పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. మామ్మ చూసి, "పైపైన చల్లి వదిలెయ్యాలమ్మా, దానికి ఎలుతురు కావాల" అంది. రెండోసారి మొలిచాయి. మట్టి ఎప్పుడూ తడిగా వుండాలి. వాలిన కొమ్మ కణుపు తడిమట్టికి తగిలిందా, అక్కడే వేళ్ళు దిగుతాయి. రెండు నెలలు పసిబిడ్డని చూసినట్టు చూస్తే, పూతకొచ్చాక కోసింది గుప్పెడాకు! ఆ గుప్పెడు చేతిలోకి తీసుకున్నాకగానీ, ఇన్నాళ్ళూ వానా, కాలవా, ఆ మామ్మ వేళ్ళూ నాకు ఊరికే ఎంత ఇచ్చాయో తెలిసిరాలేదు.

ఇంకో చిత్రం చెబుతాను. పక్కింటావిడ నాలుగు రెమ్మలడిగితే ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. పెంచాను కదా, "నాది" అయిపోయింది! అంతకంటే సిగ్గుచేటు, అదే కుండీలో తనంతట తాను మొలిచిన గంగవాయిలి మొక్కని "పాడు కలుపు" అని పీకి పారేశాను. వారం తిరక్కుండా మామ్మ దగ్గర గంగవాయిలి కూర కట్ట కొన్నాను. కలుపనేది మొక్కలో వుంటుందా, ఆ పూట మన అవసరంలో వుంటుందా?

మనసు ఆగక మామ్మ చేతిలో మళ్ళీ డబ్బు పెట్టబోయాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "తీసుకుంటే అమ్మినట్టవుద్దమ్మా. ఇచ్చినట్టవదు" అంది.

నాకింక మాట రాలేదు. కూరలమ్ముకుని బతికే మనిషి, అమ్మకుండా ఇవ్వడానికి ఒక్కటంటే ఒక్కటి మిగుల్చుకుంది. ఖరీదు కట్టి నేను దాన్ని కూడా లాక్కోబోయాను. కొన్ని బాకీలు తీర్చకుండా మొయ్యడమే మర్యాద.

అయితే తోటకూర దగ్గర బేరం మానడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా! మానేశాను. మర్నాడు మామ్మ గంప ఎత్తుకోబోతూ నా మొహంలోకి పరకాయించి చూసి అడిగింది: "ఏంటమ్మా, ఇయ్యాల బేరమాడలేదు? ఒంట్లో బాగోలేదా?"