తల్లి విడిచిన గంగాళము

తల్లిని సమాధిచేసి, జ్ఞాపకార్థ కూటము ముగిసి, బంధువులు వెళ్లిపోయిన తరువాత ప్రతి యింటికి ఒక గడియ వచ్చును. పిల్లలు తల్లి గది తలుపు తెరతురు. మూలను రోలు, తిరుగలి. అటకమీద ఇత్తడి బిందెలు, కంచు చెంబులు. గోడవార తాతనాటి భోషాణము. దాని ప్రక్కన రెండువైపుల కడియములు గల పెద్ద ఇత్తడి గంగాళము. సమాధియొద్ద కలిసి యేడ్చినవారు ఆ గంగాళమునొద్ద విడిపోవుట మన గ్రామములలో క్రొత్త సంగతి కాదు.

పెద్ద కుమారుడు, "ఇంటికి పెద్దను నేను, ఇది నా యింట నుండవలెను" అనును. చిన్నవాడు, "పట్నములో నాకున్నది ఒక్క గది, కాటాకు వేసి సొమ్ము పంచుకొందము" అనును. కూతురు మాత్రము, "ఈ గంగాళములో నీళ్లు తోడి కడవరకు అమ్మకు స్నానము చేయించినది నేను గదా" అని మనస్సులో అనుకొని, నోట పలుకదు. మరుసటి ఆదివారము ముగ్గురును గుడికి వత్తురు; ప్రభువు బల్లయొద్ద ఒకరి ముఖ మొకరు చూడరు. గంగాళము వెల యెంతయైనను ఈ నష్టమునకు సరిపోవునా?

పితరుల వస్తువును ఉంచుకొనవలెనా, విడిచివేయవలెనా? వాక్యములో ఈ ప్రశ్నకు రెండు జవాబులు కనబడును. నాబోతు తన పితరుల ద్రాక్షతోటను అహాబు రాజునకు ఇయ్యనొల్లలేదు. బదులుగా మంచి తోట ఇత్తుననినను, సొమ్ము ఇత్తుననినను ఒప్పుకొనలేదు. తుదకు ప్రాణమే పోగొట్టుకొనెను. హిజ్కియా యైతే మోషే చేసిన ఇత్తడి సర్పమును ముక్కలు చేసెను. అది దేవుని ఆజ్ఞచొప్పున చేయబడినది; పాముకాటు తిన్నవారు దానిని చూచి బ్రతికిరి; 500 ఏండ్లకు పైగా భద్రపరచబడినది. ఇంతకంటె ఘనమైన పాత వస్తువు ఏ యింట నున్నది? అయినను ఆ రాజు దానిని విరుగగొట్టెను.

ఒకడు నిలుపుకొనెను, ఒకడు విరుగగొట్టెను. ఇద్దరును సరిగానే చేసిరి. ఎట్లు? భూమి దేవునిదేయని లేవీయకాండము 25వ అధ్యాయము నేర్పుచున్నది. కాబట్టి నాబోతు తోటను తన సొత్తుగా గాక, దేవుడు తన వంశమునకు అప్పగించినదానిగా కాపాడెను. సర్పము ఎదుటనైతే జనులు ధూపము వేయుచుండిరి. ఇచ్చినవానిని మరచి, ఇయ్యబడినదానిని పట్టుకొనిరి. అందుచేత మొదట వస్తువు వయస్సును గాని వెలను గాని అడుగకుడి. అది ఈ యింటిలో ఇప్పుడు ఏమి చేయుచున్నదని అడుగుడి. గంగాళమునకు మనము ధూపము వేయము, నిజమే. కాని దానికొరకు తోబుట్టువుల ప్రేమను అర్పించినయెడల, అది ధూపముకంటె పెద్ద బలి కాదా?

అయితే సమాధానము పేరట న్యాయమును దాచరాదు. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము చొప్పున, వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుల ఆస్తిలో కుమారులకును కుమార్తెలకును భాగము సమానమే. పెండ్లియైన కూతురికి పుట్టింట ఏమున్నదని త్రోసివేసి, తరువాత ప్రేమను గూర్చి ప్రార్థించుట తగదు.

కాబట్టి వస్తువులను ముట్టకమునుపు అందరు కూడి మోకరించుడి. తరువాత, బిగ్గరగా అడుగువాని మాటకంటె ముందు, ఏమియు అడుగనివారి మాట వినుడి. ఏది ఎవరు తెచ్చినదో, ఏ పంట అమ్మి కొన్నదో పెద్దలచేత చెప్పించి వ్రాసికొనుడి. వస్తువు చేయి మారినను దాని సాక్ష్యము నిలుచును. పాతసామానుల వర్తకుడు తూకమునకే వెల కట్టును, తల్లి కష్టమునకు కట్టడు. తొందరపడి అతనిని పిలువకుడి.

ఇంకొక ఇత్తడి పనిని చూడుడి. ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద సేవించిన స్త్రీల అద్దములతో, యాజకులు కడుగుకొనుటకు గంగాళము చేయబడెనని నిర్గమకాండము 38వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ కాలపు అద్దములు గాజువి కావు; మెరుగుపెట్టిన లోహపు పలకలు. ఎవరి ముఖము వారు చూచుకొనిన లోహము దేవుని సేవకు పాత్రయైనది. రూపము మారినది గాని ఏమియు నష్టము కాలేదు.

మన గంగాళమును అట్లే కానిండు. కూతురికే మనఃపూర్వకముగా ఇయ్యవచ్చును. ఒకరి యింట నుంచి, క్రిస్మస్ విందులకును సంఘములోని పెండ్లిండ్లకును నీళ్లు నింపవచ్చును. ఉంచుటకు చోటు లేనియెడల అందరి సమ్మతితో అమ్మి, తల్లి వైద్యమునకు చేసిన అప్పు తీర్చవచ్చును. ఏది చేసినను, పిల్లలందరు ఒక్క బల్లయొద్దకు నిర్మలమైన మనస్సుతో రాగలిగినయెడల అదియే సరియైన పంపకము.

చదువరులారా, మీ అటకమీద ఏమున్నది? దానివలన మీతో మాటలాడని అన్నగాని, చెల్లెలుగాని యున్నారా? వచ్చు ఆదివారమునకు ముందే వారి గుమ్మమునకు నడచి వెళ్లుడి. తల్లి మనకు విడిచినవాటిలో గంగాళము చిన్నది. ఆమె మనలను ఒకరికొకరిని విడిచి వెళ్లినది, అది పెద్దది. ఆ స్వాస్థ్యమును పోగొట్టుకొనకుండ ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.