గోడకి ఇవతల అప్పు

వ్యాపారం మొదలుపెట్టే కుర్రాళ్లు ఈమధ్య నా దగ్గరికి వచ్చి ముందుగా అడిగేది ఒకటే. "ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేస్తే ఇంటి మీదకి ఏం రాదు కదండి?"

మండపేట కలువపువ్వు సెంటర్‌కి దగ్గర్లో చిన్న ఆఫీసు నాది. జీఎస్టీ రిటర్నులు, భాగస్వామ్య దస్తావేజులు, బ్యాంకు లోనుకి ప్రాజెక్టు రిపోర్టులు, ఇవే నా పని. రైసుమిల్లుల వాళ్లు, కోళ్లఫారాల వాళ్లు, లారీల వాళ్లు వస్తుంటారు. ఇప్పుడొచ్చే కుర్రాళ్ల తండ్రులు ఈ ప్రశ్న అడిగేవారు కాదు. వాళ్లకి వ్యాపారం, ఇల్లు ఒకటే లెక్క. వస్తే రెండిటికీ వచ్చేది, పోతే రెండూ పోయేవి. అడగడం తప్పని నేననను. కానీ చట్టం మాటల్లో అడిగే ఈ ప్రశ్నలో ధర్మం ప్రశ్న ఒకటి ఉంది. మనం పుట్టించిన వ్యాపారం అప్పు చేసి చచ్చిపోతే, ఆ అప్పు ఎవరిది?

చట్టం ఏమంటుందో ముందు చెప్తాను. సొంత పేరు మీద కొట్టు పెడితే అప్పంతా మనదే. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద నలుగురు కలిసి ఫర్ము పెడితే ప్రతి ఒక్కరూ మొత్తం బాకీకి బాధ్యులే. వాటా పావలా అయినా సరే, అప్పిచ్చినవాడు నలుగురిలో ఆస్తి ఉన్నవాడిని పట్టుకోవచ్చు. 2008లో వచ్చిన ఎల్‌ఎల్‌పీలోనూ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), 2013 కంపెనీల చట్టం కింద పెట్టే ప్రైవేట్ లిమిటెడ్‌లోనూ అలా కాదు, పెట్టిన పెట్టుబడి వరకే పోతుంది. దీనికి మూలంగా చెప్పుకునే తీర్పు 1897లో లండన్‌లో వచ్చింది. సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చి, భార్యకీ పిల్లలకీ తలొక వాటా ఇచ్చి, మిగతావన్నీ తనే ఉంచుకున్నాడు. కంపెనీ దివాలా తీసింది. బాకీలవాళ్లు "కంపెనీ అన్నా సాలమన్ అన్నా ఒకటే కదా" అన్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది. చట్టం కళ్లకి ఇద్దరూ వేరు మనుషులు, మధ్యలో గోడ ఉంది.

మండపేటలో ఈ గోడకి తలుపులు చాలానే ఉన్నాయి. బ్యాంకు లోను కాగితాల కట్టలో డైరెక్టర్ల వ్యక్తిగత హామీ పత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని చదవకుండా సంతకం పెట్టేస్తారు. కంపెనీ బాకీ దివాలా చట్టం కింద తేలిపోయినా హామీదారు తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 2021లో తేల్చి చెప్పింది. కంపెనీ చెక్కు బౌన్సయితే సంతకం పెట్టిన డైరెక్టరు కూడా కోర్టు మెట్లెక్కాలి. ఇంకో చిక్కు ఉంది. చిన్న యూనిట్లకి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ వ్యక్తులకీ సంఘాలకీ ఇస్తారు గాని కంపెనీలకి ఇవ్వరు. సబ్సిడీ కావాలంటే మనిషిగా ముందుకు రావాలి, గోడ కావాలంటే సబ్సిడీ వదులుకోవాలి. అందుకే "ఇల్లు సేఫేనా" అని అడిగినవాళ్లని, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారో ఆ కాగితాలన్నీ పట్టుకురమ్మంటాను.

అసలు ఈ గోడే అధర్మం అనే పెద్దలు మా ఊళ్లో ఉన్నారు. చేసిన అప్పు చచ్చేలోగా తీర్చాలి, తీర్చలేకపోతే కొడుకు తీర్చాలి, ఇందులో కంపెనీ ఏమిటి, మధ్యలో చట్టం ఏమిటి అంటారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది, ఆ మాటతో మాత్రం ఏకీభవించను. మన శాస్త్రాలే అంత మొండిగా లేవు. మనుస్మృతి వ్యవహారాలను పద్దెనిమిదిగా విడదీసి, అన్నిటికన్నా ముందు ఋణాదానాన్నే పెట్టింది. అంటే జనం రాజు దగ్గరికి ఎక్కువగా మోసుకొచ్చే తగువు అప్పుదేనని స్మృతికారులకి తెలుసు. పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలని చెప్పిన ఆ స్మృతులే, జూదానికీ తాగుడికీ చేసిన అప్పులనీ, జుర్మానా బాకీలనీ కొడుకు తీర్చనక్కర్లేదని మినహాయించాయి. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అన్ని అప్పులూ వెంట రావని వాళ్లూ ఒప్పుకున్నారన్నమాట. హిందూ వారసత్వ చట్టం సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 తర్వాత తండ్రి చేసిన అప్పుకి, పుత్రధర్మం ఒక్కటే కారణంగా చూపి కొడుకు మీద కోర్టుకి వెళ్లే వీలు లేదు. ఆ సవరణే ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కునీ దేశమంతటా ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు 1985లోనే వచ్చింది. బైబిల్ పాత నిబంధన అయితే ఏడో ఏట బాకీలు విడిచిపెట్టమంది. అప్పుకి ఎక్కడో ఒకచోట గట్టు కట్టాలన్న ఆలోచన ఒక్క మతానిది కాదు.

హరిశ్చంద్ర నాటకం చూడకుండా పెరిగినవాళ్లు మా గోదావరి జిల్లాల్లో నా వయసువాళ్లలో ఉండరు. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజామయ్యేది, నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ చూపించేవారు. అప్పు వసూలుకి వెంటపడి పీక్కుతినేవాణ్ణి ఇప్పటికీ నక్షత్రకుడనే అంటాం. హరిశ్చంద్రుడు తన్ను తాను అమ్ముకున్నాడు, అక్కడ నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన కొడుకు లోహితాస్యుణ్ణి కూడా అమ్మాడు. ఆ పిల్లవాడు విశ్వామిత్రుడికి ఏ మాటా ఇవ్వలేదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. చిన్నప్పుడు ఆ అమ్మకం సీనుకి ఏడ్చాను, పెద్దయ్యాక దాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. చట్టం కట్టిన గోడ లోహితాస్యుడి కోసం అని నా నమ్మకం. ఇంట్లో ఉన్న చిన్నపిల్లలూ, ముసలి తల్లీ, సంతకం పెట్టని భార్యా గోడకి ఇవతల క్షేమంగా ఉండాలి. దీన్ని దయ అంటాను గాని మోసం అనను.

మరి ఆ గోడని సంతకం పెట్టినవాడే చాటుగా వాడుకుంటే?

ఇక్కడ నాకు ద్రాక్షారామం గుర్తొస్తుంది. మాకు దగ్గరే. భీమేశ్వరాలయం మండపంలో స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి, ఎక్కువ భాగం పదకొండు, పన్నెండు శతాబ్దాలవి. చాలావాటిలో సంగతి ఒకటే. ఎవరో దాత స్వామికి అఖండదీపం పెట్టించి, అది ఆరకుండా ఉండటానికి ఇన్ని గొర్రెలనో ఇన్ని ఆవులనో ఇస్తాడు. మంద ఒక కాపరి చేతికి వెళుతుంది. పాలూ, పుట్టిన పిల్లలూ అతనివి. బదులుగా రోజుకింత నెయ్యి కొలిచి దీపానికి పొయ్యాలి, అతని కొడుకులూ మనవలూ సూర్యచంద్రులున్నంత కాలం పొయ్యాలి. నేటి భాషలో చెప్పాలంటే పెట్టుబడి దేవుడిది, నడిపేది కాపరి, వడ్డీ నెయ్యి రూపంలో రావాలి. ఆ రాళ్ల ముందు నిలబడినప్పుడల్లా ఆ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో చూసి ఆశ్చర్యపోతాను. దాత పేరు, మంద లెక్క, కాపరి పేరు, నెయ్యి కొలత, అన్నీ నలుగురికీ కనబడేలా చెక్కారు. కాపరి ఎవరికి బాకీయో ఊరందరికీ తెలుసు, చాటుకి చోటు లేదు.

మన కోర్టులు దేవుణ్ణి కూడా చట్టం దృష్టిలో ఒక వ్యక్తిగా గుర్తిస్తాయి. విగ్రహానికి ఆస్తి ఉండొచ్చు, దావా వెయ్యొచ్చు. 1925లో ప్రివీ కౌన్సిల్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. కంపెనీ కూడా అలాంటి వ్యక్తే. ఆన్‌లైన్‌లో ఫారం పెడితే పుడుతుంది, పాన్ నంబరు వస్తుంది, దాని పేరు మీద భూమి కొనొచ్చు. ఇద్దరూ చట్టం గుర్తించిన వ్యక్తులే, కానీ వాళ్ల మధ్య ఉన్న దూరం చూడండి. మన వేంకటేశ్వరుడు పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మని, శివుణ్ణి సాక్షులుగా పెట్టి పత్రం రాసిచ్చాడని పురాణం. కలియుగం చివరి దాకా వడ్డీ కడుతూనే ఉంటాడని నమ్మి మనం హుండీలో వేస్తాం, వడ్డికాసులవాడా అని పిలుస్తాం. వాడపల్లిలో ఆయన గుడి చుట్టూ ఏడు శనివారాలు ప్రదక్షిణ చేసొచ్చి, వ్యాపారం నిలబడితే ముడుపు చెల్లిస్తానని మొక్కుకునే కుర్రాళ్లు నాకు తెలుసు. మనం మొక్కే దేవుడు అప్పు ఎగ్గొట్టని దేవుడు. ఆయనకి చావు లేదు, కాబట్టి ఆయన అప్పుకి తప్పించుకునే దారీ లేదు. కంపెనీకి చావుంది. చచ్చాక దాన్ని నరకానికి పంపలేం, దానికి మరుజన్మ లేదు, కర్మ లేదు, రాత్రి నిద్రపట్టకపోవడం లేదు. దాని తరఫున సిగ్గుపడాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే దాన్ని పుట్టించినవాళ్లే.

అలాగని మూతపడిన కంపెనీ బాకీలన్నీ జేబులోంచి తీర్చమని నేను చెప్పను. అప్పిచ్చినవాళ్లందరూ ఒకలాంటివాళ్లు కారు. బ్యాంకు నష్టభయం లెక్కగట్టే వడ్డీ వేస్తుంది, చిన్న పరిశ్రమల లోన్లకి 2000లో పెట్టిన గ్యారంటీ ట్రస్టు కూడా వెనక ఉంటుంది. ఆ బాకీ గోడ దగ్గర ఆగిపోతే బ్యాంకు నేనెరగనని అనడానికి లేదు. కానీ నెలాఖరున జీతం తీసుకోవాల్సిన మనిషికి కంపెనీల చట్టం తెలియదు. ధాన్యం అప్పుగా తోలిన రైతు "లిమిటెడ్" అన్న బోర్డు చూసి తోలలేదు, ఫలానావారి అబ్బాయి అని తోలాడు. మొహం చూసి ఇచ్చిన అప్పుకి ఆ మొహమే హామీ. అక్కడ గోడ చాటుకి వెళ్లడం చట్టానికి సమ్మతం కావచ్చు, ధర్మానికి కాదు.

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ప్రామిసరీ నోటు ఆయన ఎలా రాసేవారో నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. తేదీ, మొత్తం అంకెల్లో, "అక్షరాలా" అని మళ్లీ మాటల్లో, నూటికి నెలకి ఇంత వడ్డీ అని, మీరు కోరినప్పుడు మీకు గాని మీ ఆర్డరు పొందినవారికి గాని చెల్లించగలవాడను అని. కింద రెవిన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా పెట్టించేవారు. ఒకావిడ భర్త పోయాక ట్రంకుపెట్టెలో దొరికిన నోటు తెచ్చింది. చెల్లు వేయలేదు, మూడేళ్లు దాటి కాలదోషం పట్టింది. బాకీపడ్డది ధాన్యం కమీషన్ వ్యాపారి. ఆయన్ని పిలిపించి నాన్నగారు దాచకుండా చెప్పారు, ఈ నోటు మీద దావా నడవదండి, మీ ఇష్టం అని. ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు, ముందుకి తిప్పి తన సంతకం చూసుకున్నారు. "కొత్త నోటు రాయండి, అసలుతో" అన్నారు. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం ఇరవై అయిదో సెక్షనులో ఉంది. చట్టం ఆ తలుపు తెరిచి ఉంచడం నాకు చాలా ఇష్టం. దావా వేసే దారి మూసుకుపోతుంది, బాకీ మాత్రం బతికే ఉంటుంది, దాన్ని ఒప్పుకునే మనిషి కోసం.

ఆమధ్య ఇద్దరు స్నేహితులు వచ్చారు, పాత కాగితం నానబెట్టి కోడిగుడ్ల ట్రేలు చేసే యూనిట్ పెట్టాలని. ఫారాల వాళ్లకి ట్రేలు ఎప్పుడూ కావాలి, ఆలోచన మంచిదే. సబ్సిడీ వద్దనుకుని ఎల్‌ఎల్‌పీకి వచ్చారు. కొంత బ్యాంకు లోను, కొంత ఒకతని అమ్మగారి బంగారం కుదువపెట్టిన డబ్బు, కొంత రెండో అతని మేనమామ చేబదులు. బంగారం మాట కాగితం మీద లేదు. "అమ్మ కదండి" అన్నాడు. అమ్మ కాబట్టే రాయాలన్నాను. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పు రాసుకోవడం గురించి. రాయగలవాడు రాయనని అనకూడదని, న్యాయంగా రాయాలని, బాకీపడేవాడే చెప్పి రాయించాలని అందులో ఉంది. రాత పని చేసి బతికే నాకు ఆ చివరి మాట ఎంత నచ్చిందో చెప్పలేను. అందుకని ఎల్‌ఎల్‌పీ ఒప్పందం నేను తయారుచేశాను గాని, ఇంకో కాగితం మాత్రం వాళ్లనే చెప్పమన్నాను. యూనిట్ మూతపడితే, చట్టం అడగకపోయినా, ఎవరెవరికి సొంత జేబులోంచి ఇస్తారు?

చాలాసేపు మాట్లాడుకున్నారు. మొదటి వరుసలో పనివాళ్ల జీతాలు అన్నారు. రెండోది అమ్మగారి బంగారం, మేనమామ డబ్బు. మూడోది పాత కాగితం అప్పుగా తోలే వ్యాపారి. అక్కడ ఒకతను ఆగాడు. "ఆయన అప్పు రేటు వేరే, నగదు రేటు వేరే వేస్తాడండి. పోతుందని తెలిసే ఆ తేడా తీసుకుంటున్నాడు. బ్యాంకుకి లేని లెక్క ఆయనకి ఎందుకండి?" అన్నాడు. నేను జవాబు కోసం వెతుక్కున్నాను. పూర్తి జవాబు దొరకలేదు, అతని మాటలో బలం ఉంది. రెండో అతను మాత్రం, "ఆయన మా నాన్న స్నేహితుడు, నేను ఇస్తాను" అన్నాడు. ఒకరి మనస్సాక్షి ఇంకొకరి చేత సంతకం పెట్టించకూడదని నేను బలవంతం చెయ్యలేదు. మొదటి రెండు వరుసల కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, మూడో వరుస కింద ఒక్కటే. ఆ కాగితం రిజిస్ట్రారుకి అక్కర్లేదు, దాన్ని ఒప్పందానికి జత చెయ్యలేదు. ఇద్దరి తల్లులకీ చెరో కాపీ ఇచ్చి, ఒకటి నా ఫైల్లో ఉంచాను.