‘నేను’ అని రాయమన్నారు

విదేశాల్లో చదవాలనుకునే ప్రతి ఒక్కరూ ఒక కాగితం రాయాలి. దాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు. నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎందుకు చదువుతావు, చదివి ఏం చేస్తావు, ఇవన్నీ ఐదొందల మాటల్లోనో వెయ్యి మాటల్లోనో చెప్పాలి. పుట్టుకతోనే చదువున్న ఇళ్ళ పిల్లలకు అదొక ఫారం. మనకు అదొక నీతి ప్రశ్న. మన బతుకు ఎంత చెప్పాలి? ఎవరికి చెప్పాలి? మనం పడ్డ అవమానాన్ని అర్హతగా చూపించుకోవచ్చా? సీటు కోసం వాడను చీకటి చేసి, అందులోంచి నేనొక్కదాన్నే వెలుగులోకి వచ్చానని రాస్తే న్యాయమేనా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ముప్పై మూడేళ్ళ వయసులో, బడి విడిచాక, పిల్లల పేపర్లు దిద్దే బల్ల మీద ఆ కాగితం పెట్టుకొని కూర్చున్నప్పుడు వచ్చాయి.

నాది నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడ. మా నాయిన పటేలు దగ్గర జీతమున్నడు. అవ్వ కలుపు తీసేది, పత్తి ఏరేది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాను. టి.టి.సి. చేశాను, డిగ్రీ చేశాను, దూరవిద్యలో ఎం.ఏ. చేశాను. టి.ఆర్.టి. రాసి 2019లో సర్కారు బడిలో ఎస్.జి.టి. ఉద్యోగం తెచ్చుకున్నాను.

బడిలో నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. వాడ నుంచి వచ్చే పిల్లలు ఒకటో తరగతిలో గలగలా మాట్లాడతారు. మూడో తరగతికి వచ్చేసరికి నోరు మూసుకుంటారు. ఆ రెండేళ్ళలో వాళ్ళకేమవుతోంది? ఇంట్లో మాట్లాడే మాట బడిలో తప్పెట్ల అవుతోంది? పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్ల తిరిగొచ్చాక వెనక వరసలోనే ఎందుకు కూర్చుంటోంది? దీన్ని పద్ధతిగా చదవాలనిపించింది. ఇంగ్లండులో విద్యాశాస్త్రంలో ఏడాది ఎం.ఏ. ఉంటుందని తెలిసి దరఖాస్తు మొదలుపెట్టాను.

ఇంగ్లీషు పరీక్ష ఫీజే పదిహేను వేలకు పైన. చూసి దారి చెప్తారని హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి పోయాను. అక్కడున్నాయన చెడ్డవాడు కాదు. నేను రాసింది చదివి సంతోషపడ్డాడు. ‘మీ స్టోరీ చాలా స్ట్రాంగ్ మేడం. కానీ ఈ బడి గొడవంతా ముందెందుకు? పేదరికం ముందు పెట్టండి. కులం పెట్టండి. చదివేవాడి కళ్ళల్లో నీళ్ళు రావాలి’ అన్నాడు. ఎర్ర పెన్ను తీసి నేను ‘మేము’ అని రాసిన చోటల్లా కొట్టేసి ‘నేను’ అని రాశాడు. ‘సీటు ఒక్కరికే ఇస్తారు మేడం, వాడకివ్వరు’ అన్నాడు.

ఆ మాటలో నిజం లేదని అనను. సీటు ఒక్కరికే వస్తుంది. కానీ ఆ ‘మేము’ నేను వినయం కోసం రాసింది కాదు. లెక్క ప్రకారం రాసింది.

లెక్క చెప్తాను. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి జామీను అడుగుతుంది. మా నాయిన పేరున ఎకరం పది గుంటల అసైన్డు భూమి ఉంది. అది జామీనుకు పనికిరాదన్నారు. ఇంగ్లండు వీసాకైతే చూపించాల్సిన డబ్బు 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. 28 రోజులు కదలకుండా కూర్చున్న డబ్బును మా వాడ ఎన్నడూ చూడలేదు. కూలి పైసలు పొద్దున వస్తే మాపటికి బియ్యమవుతాయి. అట్లాంటి వాడ నాకు జామీను ఉంది. టి.టి.సి. ఫీజుకు మా పిన్ని కాళ్ళ కడియాలు కుదువ పెట్టింది. అవి మళ్ళీ ఆమె కాళ్ళకు రాలేదు. డప్పు కొట్టే మా పెదనాయిన ఒక చావు దగ్గర వచ్చిన పైసలు మొత్తం నా హాస్టలు పెట్టెకిచ్చాడు. పక్కింటి అక్క నా పరీక్షల రోజుల్లో మా అవ్వ వంతు కలుపు కూడా తీసింది. వీళ్ళ సంతకాలు ఏ స్టాంపు కాగితం మీదా లేవు. నా ‘మేము’లో ఉన్నది వీళ్ళే. దాన్ని కొట్టేసి ‘నేను’ రాస్తే జామీనుదార్ల పేర్లు కొట్టేసినట్టే.

ఇది ఒక కాగితం సంగతి. ఇంకో కాగితం ఉంది. మన కేంద్ర ప్రభుత్వం దళిత, తదితర అట్టడుగు వర్గాల విద్యార్థులను విదేశాలకు పంపడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఇస్తుంది. ఏటా 125 మందికి. వయసు 35 దాటకూడదు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు. రెండింటికీ నేను లోపలే ఉన్నాను. కానీ 2022లో నిబంధనలు మార్చారు. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకు ఈ డబ్బు ఇవ్వబోమన్నారు. వాటికి ఇక్కడే వసతులున్నాయట, అక్కడిదాకా పోనక్కర్లేదట. అంటే మాదిగ పిల్ల కంప్యూటరు చదవడానికి లండన్ పోవచ్చు, కులం చదవడానికి పోకూడదు. మా బడిలో వెనక వరస ఎట్లా తయారవుతుందని అడగడానికి పోకూడదు.

ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నీ బాధ చెప్పు, ఎంత ఎక్కువైతే అంత మంచిది అంటుంది. ఇంకోటి నీ బాధ గురించి ఆలోచించకు అంటుంది. రెండూ వేరు వేరు దేశాల్లో పుట్టినా ఒకే మాట చెప్తున్నాయి. దళితుని బాధ కథగా పనికొస్తుంది, జ్ఞానంగా పనికిరాదు. మనం సాక్షులమట. సాక్షి బోనులో నిలబడి ఏడ్వొచ్చు. తీర్పు రాసే కుర్చీ వేరేవాళ్ళది.

బాబాసాహెబ్ ఏం చేశాడో గుర్తుచేసుకుందాం. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్పుతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయాడు. తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాసి పోయాడు. 1916 మే 9న అక్కడి సెమినార్లో కులాల మీద పత్రం చదివాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఆ పత్రంలో ఆయన ఎవరి జాలీ అడగలేదు. గడియారం విప్పినట్టు కులాన్ని విప్పాడు. కులం లోపలే పెళ్ళి అనే కట్టుబాటే దాన్ని నిలబెట్టే ఇరుసు అని చూపించాడు.

మరి ఆయన తన గాయం చెప్పలేదా? చెప్పాడు. 1930లలో ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ రాశాడు. 1917లో అంత చదువు చదివి బరోడాకు తిరిగొస్తే తలదాచుకోను గది దొరకలేదు. దిగిన పార్సీ సత్రంలోకి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అంటరానితనం అంటే ఏమిటో తెలియని పరాయి దేశస్థులకు తెలియజెప్పడానికే ఆయన దాన్ని రాశాడు. మనమిప్పుడు రాస్తున్న కాగితాలు చదివేది కూడా అట్లాంటి వాళ్ళే. కానీ అందులో ఉన్న ఆరు భాగాల్లో రెండు ఆయనవి కావు. ఒకటి కాఠియవాడ్‌లో ఒక బడిపంతులుది. 1929లో ఆయన భార్య పురుడై జబ్బుపడితే డాక్టరు ముట్టుకోలేదు. జ్వరం చూసే గొట్టం కూడా ఇంకొకరి చేతి మీదుగా ఇప్పించాడు. ఆమె చనిపోయింది. నా తోటి టీచరు ఒకాయన అన్నట్టు చదువుకున్నాను ఆ భాగాన్ని. తన కథ చెప్పేచోట కూడా ఆ మహానుభావుడు పక్కవాళ్ళకు చోటిచ్చాడు. ఇట్లా దాటొచ్చాను చూడండి అని రాయలేదు. ఇది ఎట్లా నడుస్తోందో చూడండి అని రాశాడు. గాయం చెప్పడం తప్పు కాదు. దాన్ని ఏ పనికి పెట్టామన్నదే ప్రశ్న.

ఈ మాటకు ఎదురుమాట కూడా ఉంది. మా పిన్ని బిడ్డ ఇంజినీరింగు చదివి అమెరికాకు దరఖాస్తులు పెడుతోంది. అదంటుంది: ‘అక్కా, వాళ్ళకు పైసలున్నయి, మనకు కథున్నది. వాళ్ళు తాతల ఆస్తి వాడుకుంటలేరా? మనం మన కథ వాడుకుంటే తప్పేంది?’ ఈ మాటను తీసిపారేయలేను. దాని తల్లి కడియాలే నేను తిన్నది. నీతులు మాట్లాడే వీలు చాలాసార్లు గడిచిపోయే బతుకున్నవాళ్ళకే ఉంటుంది. నీళ్ళలో మునుగుతున్నవాడు ఏ తాడు పట్టుకున్నా వాణ్ణి నిలదీసే హక్కు ఒడ్డున ఉన్నవాళ్ళకు లేదు. కథ రాసి సీటు తెచ్చుకున్న పిల్లల మీద నాకు ఫిర్యాదు లేదు.

నా అభ్యంతరం ఆ కథకు వాళ్ళు ముందే కుట్టి పెట్టిన చొక్కా మీద. చీకటి వాడ, వెలుగు విదేశం, మధ్యలో ఒంటరి వీరుడు. ఇది అబద్ధం. కులం విమానం ఎక్కదా? అక్కడ చదువుతున్న మా వాడ పిల్లగాడు చెప్పాడు, గదిలో దిగిన మొదటి రాత్రే తెలుగు పిల్లలు ‘మీ ఇంటిపేరేంటి, మీదే వూరు, ఊళ్ళో ఎటువైపు’ అని అడిగారట. కులవివక్ష కూడదని 2019లో బ్రాండీస్ విశ్వవిద్యాలయం, 2022లో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం తమ నియమాల్లో రాసుకున్నాయంటే ఊరికే రాసుకోలేదు. చీకటి వాడలో పుట్టింది కాదు. వాడ మీద వేసింది. దాన్ని వేసిన ఊరిని వదిలేసి వాడనే నల్లగా రాస్తే ఊరికి మనమే సాయం చేసినట్టు.

ఒక ఆదివారం ఇంటికి పోయి, కన్సల్టెన్సీ ఆయన దిద్దిన కాగితం మా అవ్వకు తెలుగులో చెప్పి వినిపించాను. ఆమె పత్తికాయలు ఒలుస్తూ విన్నది. అంతా విని, ‘ఇండ్ల నేనెందుకు గిట్ల ఏడుస్తున్న బిడ్డా?’ అన్నది. ‘నేనెన్నడు ఏడ్చిన? పని జేసిన. ఏడ్చేటిదాని లెక్క రాయకు. పని జేసేటిదాని లెక్క రాయి.’

విద్యాశాస్త్రంలో నేను చదివిన ఏ పాఠమూ ఇంత తేటగా చెప్పలేదు. మళ్ళీ రాశాను. మా అవ్వ ఏ నేలలో ఏ విత్తనం ఎప్పుడు వేయాలో తెలిసిన మనిషని రాశాను. మా పిల్లల దగ్గర పాఠ్యపుస్తకానికి తెలియని మాటలు ఎన్ని ఉన్నాయో రాశాను. మూడో తరగతిలో వచ్చే మౌనాన్ని పిల్లల లోపంగా కాక బడి చేసే పనిగా చదవాలనుకుంటున్నానని రాశాను. కులం పేరు దాచలేదు. అవమానాన్నీ దాచలేదు, ఒక్క పేరాలో చెప్పి ముందుకు నడిచాను. ‘మేము’ ఉన్నచోట ‘మేము’ అనే ఉంచాను.

ఒక విశ్వవిద్యాలయం సీటు ఇస్తామని ఉత్తరం పంపింది. పైసలెట్లా అన్నది ఇంకా తేలలేదు. నా ప్రశ్నను ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఒప్పుకోదు. ప్రశ్న మార్చుకుంటే ఒప్పుకుంటుందేమో. మార్చుకోను. సీటు పోతే ఇంకో ఏడాది రాస్తాను. ప్రశ్న పోతే నా దగ్గర మిగిలేది ఏడుపు కథే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చాలామంది ఈ కాగితం రాస్తారు. రాయండి, పొండి, చదవండి. మన చదువుకు వెచ్చించిన వాళ్ళకు బాకీ ఉన్నామని మరవకండి. బాబాసాహెబ్ పదేళ్ళకు ఒప్పందం రాశాడు. మన ఒప్పందానికి గడువు లేదు. కాగితం పంపేముందు మాత్రం దాన్ని మన భాషలో ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి. అవ్వ, నాయిన, పిన్ని, ఎవరు జామీనుంటే వాళ్ళకు. అందులో తమను తాము చూసుకొని వాళ్ళు తల దించుకోకుండా వినగలిగితే, ఆ కాగితం ఏ దేశానికైనా పంపొచ్చు.